కెటిల్‌కి ఎడమ సగం

మూడో తారీఖు, సోమవారం

రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు.

ఇది ఇంజనీరుకి ఇచ్చే కాగితం కాదు. అది వేరే రాయించి సంచిలో పెట్టాను. ఇది నా పుస్తకం, నా కోసం. పన్నెండో తారీఖున నలుగురిలో నిలబడి మాట్లాడాలి. నాకు అక్షరం ముక్క రాదు. ఏ రోజు సంగతి ఆ రోజు రాయించుకుని, మర్నాడు పొద్దున్నే చదివించుకుని వింటే అక్కడ నాలుక తడబడదని ఈ ఏర్పాటు.

రాసేది నా ఆడపడుచు. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటుందని చిన్నప్పటి నుంచీ దాన్ని ఇంట్లో సన్నాయి అంటారు. పేరుకే సన్నాయి, ఎంత ఊదినా పలకదు. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరై నా దగ్గరే ఉంటోంది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదే అంటే తీరిక దొరకలేదంటుంది.

"నీ కేసులో నా గోల దేనికి వదినా?" అంటోంది. అదీ రాయమన్నాను.

ఇక నా కేసు. పెద్ద రోడ్డు మీద, నాలుగు దార్లు కలిసే చోట, ఒక టీ హోటలు ముందు సిమెంటుతో కట్టిన కెటిల్ ఉంది. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. ఇప్పటికీ బస్సుల్లో "కెటిల్ దగ్గర దిగేవాళ్ళు రండి" అని అరుస్తారట. అది కట్టింది నా మొగుడూ నేనూ. ఆయన మేస్త్రి. ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, రోడ్డు పక్కన జనం బండి ఆపి నోరు తెరుచుకుని చూసే బొమ్మలు కట్టే మేస్త్రి. కోళ్ళఫారం ముందు కోడి, చెప్పుల ఫ్యాక్టరీ ముందు బూటు, చెక్క సామాన్ల దుకాణం ముందు కుర్చీ. ఏది కట్టినా కుడి సగం ఆయనది, ఎడమ సగం నాది. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఇప్పుడా రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కెటిల్ కొట్టేస్తామంటే జనం ఒప్పుకోలేదట. సరే, రోడ్డునే కాస్త వంచి, కెటిల్ కింద రాయి వేసి, కట్టినవాళ్ళ పేర్లు చెక్కుతామన్నారు. ఆ మాట చెవిన పడగానే మా మరిది కొడుకు, కాంట్రాక్టరు, "మా నాన్నా పెదనాన్నా కట్టారు" అని కాగితం పెట్టేశాడు. పన్నెండో తారీఖున రోడ్డు ఇంజనీరు కెటిల్ దగ్గరే ఇద్దరి మాటా వింటారట. వాళ్ళ నాన్న, అంటే మా మరిది, ఆ కెటిల్‌కి రంగు వేశాడు. రంగు. సున్నం వేసినవాడిదే ఇల్లయితే ఇక తాపీ పట్టినవాళ్ళు ఎక్కడికి పోవాలి?

ఆ రాతి మీద ఆయన పేరు పక్కన నా పేరు ఉండాలి. ఇన్నేళ్ళ బతుకులో నా పేరు ఆస్పత్రి చీటీల మీద తప్ప ఎక్కడా పడలేదు.

ఐదో తారీఖు, బుధవారం

బయల్దేరాం. మా అబ్బాయి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వారం రోజులు షాపు మూసేసి కారు తీశాడు. కోడలు సెలవు పెట్టింది. మనవరాలికి తొమ్మిదేళ్ళు. దారిలో ఉన్న పెద్ద బొమ్మలన్నిటికీ చిట్టా రాసుకుంది, ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తుందట. వాళ్ళకి విహారం, నాకు సాక్ష్యం.

సాక్ష్యం అంటే ఏమిటో ఇక్కడ రాయించాలి, మర్చిపోతాను. మా ఆయన టేపు పట్టేవాడు కాదు. కోడి కట్టాలంటే అసలు కోడిని బల్ల మీద నిలబెట్టి, నడుం మీదుగా దారం వేసి, వేళ్ళతో కొలిచేవాడు. కోడి మీద ఒక వేలు, బొమ్మలో ఒక మూర. "తొమ్మిది" అని కేక వేస్తే, కుడి పక్క ఆయన తన మూరలు తొమ్మిది వేసి ఊచ వంచేవాడు, ఎడమ పక్క నేను నా మూరలు తొమ్మిది వేసి వంచేదాన్ని. తర్వాత వల చుట్టి సిమెంటు కొట్టేవాళ్ళం. ఆయన మూరకీ నా మూరకీ రెండు వేళ్ళ తేడా ఉందని కోడి లేచి నిలబడ్డాక గాని మాకు తెలియలేదు.

ఎడమ పక్కకి వాలిపోయింది. గూట్లో ఎవరో గుసగుసలాడుతుంటే చెవి ఒగ్గి వింటున్నట్టుంది. ఏడుపొచ్చింది నాకు. ఈలోగా లారీలు ఆగడం మొదలైంది. కోడి వింటోందిరా అని నవ్వుకుంటున్నారు. ఫారం యజమాని అలాగే ఉండనిమ్మన్నాడు. ఆ తర్వాత అన్నీ అలాగే కట్టాం, వాలడమే మా గుర్తయింది.

"ఇద్దరూ ఒకే కర్రతో కొలుచుకుంటే పోయేది కదమ్మా" అన్నాడు అబ్బాయి కారు నడుపుతూ.

"కర్ర పోతుంది, విరుగుతుంది. చెయ్యి ఎప్పుడూ ఉంటుందనేవాడు మీ నాన్న."

ఈ రోజు ఆ కోడి చూశాం. తోక సగం ఊడింది గాని ఇంకా వింటూనే ఉంది. అబ్బాయి టేపు తీశాడు. "టేపుతో కొలిస్తే ఎంతుందో తెలుస్తుంది, ఎవరు కట్టారో తెలియదు, లోపల పెట్టు" అన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని నా మోచెయ్యి ఆనించి కొలుచుకుంటూ పోయాను. ఎడమ పక్క తొమ్మిది, వెంట్రుకంత తేడా లేదు. కుడి పక్క నా చేత్తో తొమ్మిదీ ముప్పావు.

కెటిల్ దగ్గరా ఇదే చూపిస్తాను. మరిది పొట్టివాడు, వాడి మూర నాకంటే మూడు వేళ్ళు తక్కువ. ఎడమ పక్క నా మూరకి సరిపోయిందంటే అది నాదే. ఏ కాంట్రాక్టరూ నోరెత్తలేడు.

మనవరాలు కోడికి ఆరు వేసింది. ఎందుకే అంటే "వంకరగా ఉంది నానమ్మా" అంది.

ఆరో తారీఖు, గురువారం

బూటు. ఎడమ పక్క ఆరు మూరలు, సరిగ్గా. కుడి ఆరున్నర. అన్నీ అనుకున్నట్టే.

దార్లో ఒక పెద్ద పెన్సిలు కూడా ఉంది. మాది కాదు, కొత్తది. తట్టి చూశాను, రేకు డబ్బాలా మోగింది. ఫైబరట. లోపలంతా గాలి. "ఇది ఎవరు కట్టారు?" అని అడిగితే అక్కడి కుర్రాళ్ళు "కట్టలేదు, లారీలో వచ్చింది" అన్నారు. దానికి మనవరాలు ఎనిమిది వేసింది. ఈ పిల్లకి చదువెవరు చెబుతున్నారో.

కోడలు నా మోకాళ్ళకి మందు రాసింది. "అత్తయ్యా, పన్నెండో తారీఖున కూడా ఇలా మోకాళ్ళ మీద పాకుతారా అందరి ముందూ?" అంది. పాకుతాను. సిమెంటు పనిలో సిగ్గుపడితే కూలి దొరికేది కాదు.

సన్నాయి ఈ రోజంతా కారులోంచి దిగలేదు. తలనొప్పట.

ఏడో తారీఖు, శుక్రవారం

కెటిల్ చూశాం. కొలత సరిపోయింది. ఇంతే, పుస్తకం మూసెయ్.

ఎనిమిదో తారీఖు, శనివారం

నిన్నటిది చదివావు, విన్నాను. దాన్ని కొట్టెయ్యకు. నా పుస్తకంలో నేను అబద్ధం చెప్పానని నాకు గుర్తుండాలి. ఇప్పుడు జరిగింది రాయి.

నలభై రెండేళ్ళయింది నేనా కెటిల్ చూసి. ప్రారంభం రోజు చూశాను, అంతే, తర్వాత పనులు వేరే వేపు వెళ్ళిపోయాయి. నిన్న మలుపు తిరగ్గానే కనిపించింది. రంగు మొత్తం రాలిపోయి బూడిద రంగులో ఉంది. కొమ్ము ముందుకి, పిడి వెనక్కి. నిటారుగా ఉంది. ఎక్కడా వాలలేదు. నీళ్ళు పోసి పెడితే తొణకనట్టుంది.

"ఇదే బాగుంది, నానమ్మా. దీనికి పది" అంది మనవరాలు.

మేం కట్టింది ఏదీ ఇలా నిటారుగా నిలబడదు. అయినా మోకాళ్ళ మీద కూర్చున్నాను. కొమ్ము కింద అతుకు దగ్గర మొదలెట్టి, ఎడమ పక్కగా చుట్టూ తిరిగి, వెనకాల పిడి కింద అతుకు దాకా. పన్నెండు రావాలి. ఆయన "పన్నెండు" అని వేసిన కేక నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పదమూడు వచ్చింది. మళ్ళీ కొలిచాను, పదమూడు. కుడి పక్కకి పోయి కొలిస్తే అదీ పదమూడే.

అబ్బాయి టీ తాగుతూ "సరిపోయిందా అమ్మా?" అని అరిచాడు. "సరిపోయింది" అన్నాను.

నా చెయ్యి కుంచించుకుపోయిందేమో అనుకున్నాను. ముసలితనంలో మనిషి కుదించుకుపోతుంది కదా. మరి కోడి దగ్గర, బూటు దగ్గర సరిగ్గా ఎలా వచ్చింది? రెండు రోజుల్లో కుంచించుకుపోతుందా? కెటిల్‌కి ఎవరో మళ్ళీ సిమెంటు కొట్టారేమో అనుకుని హోటలాయన్ని అడిగాను. "మా తాత కాలం నుంచీ ఒక్క తాపీ దెబ్బ పడలేదమ్మా" అన్నాడు. మరి నిన్న నేల ఎండకి వేడిగా ఉంది, చెయ్యి సరిగ్గా ఆనించలేదేమో. వేడికి సిమెంటు ఉబ్బుతుందేమో. వెనక్కి వెళ్ళి కోడిని ఇంకోసారి కొలుద్దామన్నాను. కోడలు అబ్బాయి మొహం చూసింది, అబ్బాయి రోడ్డు మొహం చూశాడు.

సంచిలోంచి ఫోటో బయటికి తీసి చూసుకున్నాను. ప్రారంభం రోజు ఫోటో, కాగితంతో పాటు జతచేశాను, అదీ సాక్ష్యమే. మధ్యలో ఆయన. పక్కన నేను, కుడి చెయ్యి శాలువాలోపల దాచుకుని. అప్పట్లో ఆడవాళ్ళు అలాగే నిలబడేవారు. ఓ చివర సన్నాయి. పదహారేళ్ళ పిల్ల అప్పుడు, పరీక్షలు రాసి సెలవులకి వచ్చి మాకు నీళ్ళు మోసి పెట్టింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఎవరో కొడతారన్నట్టు నిలబడింది.

మరిది కట్టాడా? వాడు కట్టి ఉంటే నేను కట్టినదానికంటే ఎక్కువ వాలేది. అది మాత్రం నిజం. వాడు కట్టలేదు. ఆయన ఒక్కడే రెండు పక్కలా కట్టాడా? రెండు పక్కలా ఒక్కడే కట్టాలంటే నాలుగు నెలలు పట్టేది. కెటిల్ రెండు నెలల్లో లేచింది. యజమాని తొందర పెట్టాడు, నాకు బాగా గుర్తు.

నా అరచేతులకి సిమెంటు మంట గుర్తు. పిడి వంచేటప్పుడు ఆయన "కాస్త వదులు, కాస్త వదులు" అన్నది గుర్తు. మరి పదమూడు ఏమిటి?

తొమ్మిదో తారీఖు, ఆదివారం

కుర్చీ. కెటిల్ దాటి రెండు గంటల దారి. పన్నెండో తారీఖుకి వెనక్కి కెటిల్ దగ్గరికి చేరాలి గనక ఇదే ఆఖరిది.

ముందు కొలత రాయి. కుర్చీ ఎడమ చేతి కింద నాలుగు మూరలు. సరిగ్గా నాలుగు. అంటే నా చెయ్యి బాగానే ఉంది. అది తెలిసి సంతోషించాలి కదా, మళ్ళీ ఇంకోసారి కొలిచాను.

అక్కడ కాపలా ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "మీరు మేస్త్రిగారి భార్య కదూ, ఈ కుర్చీ మీంచి పడ్డది మీరే కదూ" అన్నాడు. అవును, పడ్డాను. వీపు పలక మీద ఆఖరి పూత పూస్తుంటే కట్టిన కర్ర జారి కింద పడ్డాను. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. రెండు నెలలు కట్టు.

"ఇది కెటిల్ తర్వాత కదా పెద్దాయనా" అన్నాను.

"కెటిల్ ముందా? అదెట్లా అమ్మా? కెటిల్ హోటలాయన మా కుర్చీ చూసే కదా మీ ఆయన్ని పిలిచింది. ఇదిగో, ఈ గోడ దగ్గరే కట్టు కట్టుకుని కూర్చుని ఏడ్చేవారు మీరు. ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేనని ఆయన మిమ్మల్ని లారీ ముందు సీటులో కూర్చోబెట్టుకుని కెటిల్ పనికి తీసుకుపోయాడు."

"నీకు మతిమరుపు" అన్నాను.

"ఉంది. నిన్న తిన్నది గుర్తుండదు. ఇది గుర్తుంది" అన్నాడు.

ఆయనకి ఎనభై దాటి ఉంటాయి. ఎనభై దాటిన మనిషి మాట సాక్ష్యంగా ఎవరు తీసుకుంటారు? నాకు డెబ్భై మూడే.

సన్నాయి, రాయడం ఆపావెందుకు?

పదో తారీఖు, సోమవారం

ఈ రోజు రాయించడానికి ఏమీ లేదు.

కుర్చీకి మనవరాలు ఏడు వేసింది.

శాలువాలోపల చెయ్యి.

పదకొండో తారీఖు, మంగళవారం

కెటిల్ ఊరికి వచ్చేశాం. హోటలు మేడ మీద రెండు గదులిచ్చారు. కిటికీ తీస్తే కెటిల్ మూత కనిపిస్తుంది. అబ్బాయీ కోడలూ మనవరాలూ చెప్పులు కొనడానికి వెళ్ళారు. నేనూ సన్నాయీ బల్ల దగ్గర కూర్చున్నాం.

రేపు ఏం చెప్పాలో రాయించుకుందామని మొదలెట్టాను. కొలత సంగతి ఎత్తకుండా, ఫోటో ఒక్కటి చూపిస్తే చాలనుకుంటున్నాను. ఆ ముక్క నువ్వు రాస్తున్నావు. నీ ఎడమ చెయ్యి పుస్తకం కదలకుండా బల్ల మీద చాపి పెట్టి ఉంది. చెయ్యి తియ్యకు. రాస్తూ ఉండు. నా చెయ్యి దాని పక్కన పెడుతున్నాను. మోచెయ్యి మోచేతికి ఆనించాను.

నీది రెండు వేళ్ళు ఎక్కువ.

చెయ్యి తియ్యొద్దన్నానా.

మీ అన్నయ్య చెయ్యే ఇది. అదే పొడుగు, అదే బొటనవేలి దగ్గర ఆ వంకర. ఇన్నేళ్ళు నీ పక్కనే తిరిగాను, ఈ చేత్తో నువ్వు నాకు నీళ్ళిచ్చావు, మందులిచ్చావు, ఎనిమిది రోజుల్నుంచీ ఈ చేత్తో నా అబద్ధాలు రాస్తున్నావు. నేను ఒక్కసారి కొలిచానా?

ఇక నుంచి నువ్వన్నది కూడా రాయి. నువ్వు చెప్పు, నువ్వే రాసుకో.

"ఏది రాయమంటావు వదినా?"

"ఎవరు కట్టారు?"

"అన్నయ్య."

"ఎడమ పక్క?"

కలం కింద పెట్టేసింది. ఇది నేను రాయిస్తున్నాను, కలం తీసి, కింద పెట్టానని రాయి.

"నేనే" అంది.

"నీళ్ళు మోశావు కదే నువ్వు."

"మొదటి వారం మోశాను. నీ చెయ్యి కట్టులో ఉంది. అన్నయ్య ఒక్కడి వల్లా కావడం లేదు. ఓ రోజు 'పన్నెండు' అని కేక వేసి, అలవాటుగా ఎడమ పక్కకి చూశాడు. ఎవరూ లేరు. నేను బిందె కింద పెట్టి వెళ్ళి కొలిచాను."

"నేనెక్కడున్నాను?"

"చెట్టు కింద మంచం మీద. అటు తిరిగి పడుకునేదానివి. మా వేపు చూసేదానివి కాదు."

మంచం గుర్తుంది. మంచం కుర్చీ దగ్గరిదనుకున్నాను. అరచేతి మంట మరి? "కాస్త వదులు" అన్నది ఎవరితో అన్నాడు? అది బూటుకా? బూటుకి పిడి లేదు. నేను చూస్తూ ఉండి ఉంటాను. అటు తిరిగి పడుకున్నదాన్ని ఎలా చూశాను? చెవులతో విని ఉంటాను. విన్నదే నా చేతుల్లోకి వచ్చిందేమో. ఏమో, ఏదీ తెగడం లేదు.

"ఫోటోలో చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకున్నావు?"

"సిమెంటుకి పగిలిపోయి ఉన్నాయి. సిగ్గేసింది."

"నాకు చెప్పలేదేమే?"

"ప్రారంభం రోజు హోటలాయన కట్టినవాళ్ళెవరని అడిగాడు. అన్నయ్య నీ భుజం మీద చెయ్యి వేసి, 'నేనూ నా భార్యా' అన్నాడు. రెండు నెలల తర్వాత నువ్వు నవ్వడం అప్పుడే. నాతో పక్కకి వచ్చి, ఇలా ఉండనీ అమ్మా అన్నాడు. ఉండనిచ్చాను."

"ఆయన పోయాక?"

"అప్పటికి నువ్వు ఆ కెటిల్ గురించి చెప్పే తీరు ఎంత బాగుండేదో. పిడి ఎలా వంచావో, ఊచ ఎలా తన్నిందో. నేను కట్టినదానికంటే నువ్వు చెప్పేదే బాగుండేది, వదినా."

దీన్ని తిట్టాలా, కాళ్ళ మీద పడాలా? నా కంటే పదిహేనేళ్ళు చిన్నది, కాళ్ళ మీద పడితే బాగోదు. తిట్టాను. ఏం తిట్టానో రాయకు.

అప్పుడు నాకు తెలుసా? తెలిసే ఉంటుంది. కట్టులో ఉన్న చేతిని శాలువాలో దాచింది నేనే కదా, ఇంకెవరో దాచలేదు. నిజం తెలిసినదాన్ని అబద్ధం ఎప్పుడు మొదలెట్టాను? ఏ రోజు? ఆ రోజు ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

పన్నెండో తారీఖు, బుధవారం

పొద్దున చదివించుకోలేదు. నిన్నటిది వినే ధైర్యం లేదు.

ఇంజనీరు ఆడపిల్ల, మా కోడలి వయసు. కెటిల్ నీడలో బల్ల వేసుకుని కూర్చుంది. కాంట్రాక్టరు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను చూసి వంగి పలకరించాడు. "పెద్దమ్మా, ఈ ఎండలో ఎందుకు శ్రమ? రాతి మీద మా నాన్న పేరున్నా మన ఇంటి పేరే కదా."

"మీ నాన్న రంగు వేశాడు నాయనా. ఎరుపు. బాగానే వేశాడు. ఏదీ, ఎక్కడుందో చూపించు" అన్నాను. ఇంజనీరు పైకి చూసి నవ్వు ఆపుకుంది.

తర్వాత నేనిచ్చిన కాగితం, ఫోటో ముందు పెట్టుకుని, "అమ్మా, మీ కాగితం చదివాను. వాళ్ళ దగ్గర రంగు పని ఫోటో ఒక్కటే ఉంది. మీరు మేస్త్రిగారి పక్కనే నిలబడి ఉన్నారు. నాకింకేం అక్కర్లేదు. మీ ఇద్దరి పేర్లూ చెక్కిస్తాను. ఇక్కడ వేలిముద్ర వేయండి" అంది.

అంతే. అయిపోయింది. కొలవమని కూడా అడగలేదు. సిరా డబ్బా ముందుకి జరిపింది. అబ్బాయి నా వెనక నిలబడి నా భుజం నొక్కాడు. సన్నాయి ఎక్కడో దూరంగా, ఫోటోలో నిలబడ్డట్టే, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నాకు వేలు సిరాలో పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఇది రాయి. వేలు సిరాలో పెట్టాను.

తర్వాత ఆ వేలు పైకెత్తి పట్టుకుని, "ఇలా రా" అని దాన్ని పిలిచాను.

"వదినా, వద్దు."

"రావే."

వచ్చింది. అందరి ముందూ దాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కరెంటాఫీసులో కుర్చీ దిగని మనిషి. "కొమ్ము కింద నుంచి పిడి కింద దాకా. నీ మూరతో. గట్టిగా లెక్కపెట్టు, అందరికీ వినపడాలి" అన్నాను. లెక్కపెట్టింది. నాలుగు దాకా గొంతు లేవలేదు. ఆరు దగ్గర లేచింది. మనవరాలు కూడా దాంతో పాటు అరవడం మొదలెట్టింది. పది. పదకొండు. పన్నెండు అనేసరికి దాని మధ్యవేలు సరిగ్గా పిడి కింద అతుకు మీద ఆగింది.

తర్వాత నేను కొలిచాను. పదమూడు. కాంట్రాక్టరుని కూర్చోమన్నాను, వాడిదీ వాళ్ళ నాన్న చెయ్యే. తెల్ల ప్యాంటు చూసుకుని కూర్చోలేదు. "సరేలే పెద్దమ్మా" అన్నాడు. సరేలే అన్నాడని రాయి.

"ఇది కట్టింది నేను కాదు. మేస్త్రీ, మేస్త్రి చెల్లెలూ. అప్పుడు నా చెయ్యి విరిగి ఉంది. ఫోటోలో కనపడని చెయ్యి అదే" అని ఇంజనీరుకి చెప్పాను. మాట తడబడింది. ఇన్ని రోజులు రాయించుకున్నదాంట్లో ఈ మాట లేదు కదా మరి.

"ఇన్నాళ్ళూ నువ్వే కట్టానని చెప్పావు కదమ్మా" అన్నాడు అబ్బాయి. వాడి మొహం చూడలేకపోయాను. "చెప్పాను. కోడీ బూటూ కుర్చీ నావే. వంకరవి నావి" అన్నాను.

ఇంజనీరు కొత్త కాగితం ఇచ్చింది. ఎడమ సగం ఎవరు కట్టారో రాసి, చెప్పినవాళ్ళ ముద్ర కావాలంది. సన్నాయి చేతికి కలం ఇచ్చి, "ఎడమ సగం కట్టింది, అని రాసి నీ పేరు రాయి" అన్నాను. వంగి రాసింది. రాసి, ఇక్కడ ముద్ర వెయ్యి వదినా అని జరిపింది.

నాకు చదవడం రాదు. కాని ఇన్నేళ్ళుగా ప్రతి చీటీ మీదా నా పేరు పక్కనే వేలు పెడుతున్నాను. దాని దస్తూరిలో నా పేరు నా నాలుగు వేళ్ళ వెడల్పు. ఈ పుస్తకం అది కొనుక్కున్నదే గనక అట్ట మీద దాని పేరుంది, అది రెండు వేళ్ళకి మించదు. కాగితం మీద వేళ్ళు ఆనించాను. నాలుగు.

"ఇది నా పేరు. కొట్టెయ్."

కొట్టేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ వేళ్ళు ఆనించాను. రెండు.

"కింద సాక్షి అని రాయి. దాని పక్కన నా పేరు."

రాసింది. నా పేరు కొలిచాను, సరిపోయింది. సాక్షి అన్న మాట ఎంత పొడుగుంటుందో నాకు తెలియదు. అది మాత్రం నమ్మి వేలు వేశాను.